నూటికి తొంభై రెండు



ఒక్క మాట చెబుతాను, వినండి. అడవి. మీరు అడవిలో ఉన్నారు. చుట్టూ చెట్లు. ఎటైనా వెళ్ళొచ్చు. అంతే, ఇంకేమీ చెప్పను. ఈపాటికే మీ ముందు ఏదో ఒక అడవి నిలబడి ఉంటుంది. ప్రకాశం జిల్లా నుంచి వచ్చినవారికి నల్లమల, ఆదిలాబాద్ వారికి టేకు చెట్లు, ఇక్కడే ఎడ్మంటన్‌లో పుట్టిన పిల్లలకు నార్త్ సస్కాచెవాన్ నది లోయలో మంచు మోస్తూ నిలబడ్డ స్ప్రూస్ చెట్లు. నేను చెప్పిన మాట ఒక్కటే. మొలిచిన అడవులు మాత్రం ఎందరు వింటున్నారో అన్ని.

సరిగ్గా ఇలాంటి అడవితో మొదలయ్యే ఒక కంప్యూటర్ ఆట గురించి ఇవాళ మీతో మాట్లాడతాను. అందులో బొమ్మలుండవు. అన్నీ మాటలే. నలభై ఏళ్ళ కిందట ఈ ఊళ్ళోనే, ఒక చలికాలమంతా, మా తాతయ్యా నేనూ కలిసి ఆ ఆట ఆడాం. తాతయ్యకు ఇంగ్లీషు రాదు. నాకు తెలుగు అప్పుడప్పుడే జారిపోతోంది.

1983 అక్టోబరులో తాతయ్య వచ్చారు. నాకప్పుడు పదకొండేళ్ళు. మాది పల్నాడు, సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు. నాన్న చమురు కంపెనీల పని వెతుక్కుంటూ ఆల్బెర్టాకు వచ్చి, ఈ ఊళ్ళో మిల్‌వుడ్స్‌లో ఒక అద్దె ఇల్లు పట్టారు. కొడుకు సంసారం ఒకసారి కళ్ళారా చూసి వెళదామని తాతయ్య రాక. చలి ఉంటుందని ఉత్తరాల్లో రాశాం కానీ, చలి అంటే ఏమిటో ఉత్తరంలో రాయగలిగేది కాదు. డిసెంబరు వచ్చేసరికి ఉదయం ఎనిమిదిన్నర దాటినా తెల్లవారదు. సాయంత్రం నాలుగుంబావుకే పొద్దు గూకుతుంది. ఇంటి ముందు ప్రతి కారు ముక్కులోంచి ఒక తాడు వేలాడుతుంటుంది. ఇంజను గడ్డకట్టకుండా రాత్రంతా కరెంటు ప్లగ్గుకు తగిలించే తీగ అది. తాతయ్య దాన్ని చూసి, "గొడ్లను కట్టేసినట్టు కార్లను కట్టేశారేంట్రా" అన్నారు.

తెచ్చుకున్న నాలుగు పుస్తకాలూ నవంబరుకే అయిపోయాయి. పొద్దున్నే విజయవాడ రేడియో వినే అలవాటు ఆయనది. ఇక్కడి రేడియోలో ఆయనకు అర్థమయ్యేది ఉష్ణోగ్రత చెప్పేటప్పుడు వచ్చే అంకె ఒక్కటే. ఆ అంకె ముందు 'మైనస్' ఉంటుందని కూడా త్వరగానే నేర్చుకున్నారు.

అలాంటి రోజుల్లో ఒక శనివారం నాన్న ఒక అట్టపెట్టె మోసుకొచ్చారు. కమడోర్ కంపెనీ వారి విక్-20 కంప్యూటర్. టైపు మిషను కీబోర్డు ఒక్కటే తీసి బల్లమీద పెట్టినట్టు ఉంటుంది. లేత గోధుమరంగు ఒళ్ళు, కుడిపక్కన నాలుగు పెద్ద మీటలు. తెర వేరేగా ఉండదు, ఇంట్లో టీవీకే తగిలించాలి. స్టార్ ట్రెక్‌లో కెప్టెన్ కర్క్ వేషం వేసిన విలియం షాట్నర్ టీవీలో దీని ప్రకటనలో కనిపించేవాడు. ఆయన మాంట్రియల్ వాడు. కమడోర్ కంపెనీ పుట్టింది కూడా 1950ల్లో, టొరాంటోలో. నాజీల నిర్బంధ శిబిరాల్లోంచి బతికి బయటపడ్డ జాక్ ట్రామియెల్ అనే ఆయన టైపు మిషన్లు బాగుచేస్తూ, అమ్ముతూ మొదలుపెట్టిన వ్యాపారం. "అయితే ఇది మన కెనడా సరుకే" అని నాన్న, ఖర్చు పెట్టినందుకు అమ్మకు సంజాయిషీ చెప్పుకున్నారు.

దానితోపాటు నాన్న ఒక కార్ట్రిడ్జి కూడా కొన్నారు. దానిమీద పేరు అడ్వెంచర్‌ల్యాండ్. కంప్యూటర్ వెనకనున్న గాడిలోకి దాన్ని నొక్కి, స్విచ్ వేసి, తెరమీద ఎస్, వై, ఎస్ అని కొట్టి, పక్కన 32592 అనే అంకె వేయాలి. అప్పుడు ఆట తలుపు తెరుచుకుంటుంది. ఆ ఇంటి ఫోను నంబరు మరిచిపోయాను. ఆ వీధి నంబరూ చెప్పలేను. ఈ అయిదు అంకెలు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

తెరమీద నాలుగు ముక్కలు వచ్చాయి. అడవి, చెట్లు, వెళ్ళదగిన దిక్కులు. కింద ఒక ప్రశ్న: ఏం చెయ్యమంటావు? అంతే. ఎగిరే విమానాలు లేవు, పేలే బాంబులు లేవు. స్కూల్లో స్నేహితులు చెప్పిన ఆటలన్నిట్లో ఏదో ఒకటి కదిలేది. ఇందులో కదిలేదేమీ లేదు. నా మొహం చూసి తాతయ్య పక్కకొచ్చి కూర్చున్నారు. "ఏమంటోందిరా అది?"

"అడవిలో ఉన్నానంటోంది తాతయ్యా. ఏం చెయ్యాలో మనల్ని చెప్పమంటోంది."

"ఎవరు ఉన్నది? మనమా, అదా?"

మంచి ప్రశ్న. ఆ ఆటలో కంప్యూటరు 'నేను' అనే మాట్లాడుతుంది. నేను అడవిలో ఉన్నాను, నాకు ఫలానాది కనిపిస్తోంది, నేనేం చెయ్యను, అని. అంటే మన పాలేరు ఎవరో ఎక్కడో గుహలో దిగి, అక్కడినుంచి కేకేసి అడుగుతున్నట్టు. తాతయ్యకు అది వెంటనే అర్థమైంది. "రేడియో నాటకంలా ఉందిరా ఇది. కాకపోతే మనం చెప్పిందాకా ముందుకు కదలదు" అన్నారు. ఆ మాటతో ఆయన కుర్చీ నా కుర్చీ పక్కకు చేరింది. వసంతం దాకా అక్కడినుంచి కదల్లేదు.

ఇక మా పద్ధతి వినండి. తెరమీద వచ్చింది నేను తెలుగులో చదవాలి. తాతయ్య ఆలోచించి తెలుగులో ఆజ్ఞ ఇస్తారు. దాన్ని నేను రెండు ఇంగ్లీషు మాటల్లోకి కుదించి కొట్టాలి. ఆ ఆటకు రెండు మాటలే తెలుసు, ముందు క్రియ, తర్వాత వస్తువు. తాతయ్య "దీపం తియ్యి" అంటారు. నేను 'గెట్ ల్యాంప్' అని తలకిందులు చెయ్యాలి. మనకు ముందు దీపం, తర్వాత తియ్యడం. వాళ్ళకు ముందు తియ్యడం, ఏం తియ్యాలో తర్వాత. రోజుకు నూరుసార్లు ఆ పల్టీ కొట్టించేవారు నాచేత. పైగా తాతయ్య రెండు మాటల మనిషి కాదు. "అబ్బాయ్, ఆ దీపం కాస్త జాగ్రత్తగా తీసుకుని, చేతిలో పట్టుకుని, మెల్లగా లోపలికి దిగు నాయనా" అనేవారు, నాతో కాదు, టీవీతో. మర్యాదంతా వదిలేసి అందులోంచి నేను రెండే మాటలు ఏరుకోవాలి. నిజానికి ఆ యంత్రం ఒక్కో మాటలో మొదటి మూడు అక్షరాలే చూసేది. ఆ సంగతి ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు.

నాకు తెలియని తెలుగు మాటలు కూడా ఆ కుర్చీలోనే వచ్చాయి. చెట్టు నరికేశాక మిగిలిన మొద్దు, ఆ మొద్దులో తొర్ర, తొర్రలోంచి కిందికి దిగితే నేలమాళిగ. దొరికిన నిధులన్నీ ఆ తొర్రలోనే చేర్చాలి. మొత్తం పదమూడు నిధులు. ఊబి అన్న మాటా, ఊబిలో కుట్టే పురుగుల దురదకు ఒండ్రుమట్టి పూస్తే తగ్గుతుందన్న వైద్యమూ ఒకేరోజు నేర్చుకున్నాను. మట్టి పుయ్యమని తాతయ్య చెప్పారు, ఆట సరేనంది. ఫ్లోరిడాలో ఉన్న స్కాట్ ఆడమ్స్ అనే ప్రోగ్రామరుకీ మా తాతయ్యకీ వైద్యం ఒకటే.

ఈ స్కాట్ ఆడమ్స్ గురించి రెండు మాటలు చెప్పాలి. 1978లో ఈ ఆట రాసింది ఆయనే, టీఆర్ఎస్-80 అనే ఇంటి కంప్యూటర్ మీద. ఇళ్ళల్లో ఆడుకునేలా అమ్మకానికి వచ్చిన మొదటి సాహసం ఆటల్లో ఇది ఒకటి. ఆయనకు ఆ ఆలోచన ఇచ్చింది అంతకుముందు పెద్ద కంప్యూటర్ల మీద తిరుగుతున్న మరో ఆట, పేరు కొలాసల్ కేవ్. అది రాసినవాడు విల్ క్రౌథర్. ఇంటర్నెట్‌కు పునాది అయిన ఆర్పానెట్ మీద పనిచేసిన ఇంజనీరు. సెలవు దొరికితే గుహల్లో పాకడం ఆయన సరదా. కెంటకీ రాష్ట్రంలో మామత్ కేవ్ అనే మహా గుహల సముదాయాన్ని భార్య ప్యాట్‌తో కలిసి కొలిచి పటాలు గీశాడు. తర్వాత ఆ ఇద్దరూ విడిపోయారు. ఇద్దరు కూతుళ్ళు తన దగ్గరికి వచ్చినప్పుడు ఆడుకోవడానికని, 1975, 76 ప్రాంతంలో, తనకు తెలిసిన గుహనే మాటల్లో పెట్టి కంప్యూటర్లోకి ఎక్కించాడు. 1977లో స్టాన్‌ఫర్డ్‌లో డాన్ వుడ్స్ అనే కుర్రవాడు దాన్ని పెంచి పెద్ద చేశాడు. అలా ఆ గుహ కంప్యూటర్ ఉన్న ప్రతి చోటికీ పాకింది. అంటే ఈ సాహసం ఆటలన్నిటికీ మూలం, దూరమైన పిల్లలకు ఒక తండ్రి చెప్పుకున్న గుహ కథ.

మా తాతయ్యకు క్రౌథర్ పేరు తెలియదు. కానీ ఆయనకూ ఒక గుహ ఉంది. పల్నాడులో పిడుగురాళ్ళ దగ్గర గుత్తికొండ బిలం. కొండలోపల చీకటి సొరంగాలు, వాటిలో నీళ్ళు. పల్నాటి యుద్ధం ముగిశాక బ్రహ్మనాయుడు వెళ్ళిపోయింది ఆ బిలంలోకేనని మా వైపు చెబుతారు. తాతయ్య కుర్రతనంలో తొలి ఏకాదశికి కాగడా పట్టుకుని అందులో దిగారట. ఆటలో దీపం పట్టుకుని కిందికి దిగగానే ఆయన గొంతు మారిపోయేది. "తల వంచు. రాయి తగులుతుంది. నీళ్ళ చప్పుడు వస్తోందా చూడు." తెరమీద నీళ్ళ మాటే లేదు. ఆయనకు మాత్రం వినిపించేది.

నా గుహ వేరు. నాకు తెలిసిన నేలమాళిగ మా ఇంటి బేస్‌మెంట్. అక్కడ మూలన ఫర్నేస్ ఉంటుంది. అర్ధరాత్రి ఉన్నట్టుండి గుఱ్ఱుమని మొదలై, కాసేపు ఊపిరి పీల్చి, ఆగిపోతుంది. ఆ ఆటలో చీకటి అని వచ్చినప్పుడల్లా నా చెవిలో ఆ గుఱ్ఱే. ఒకే తెర ముందు, భుజం భుజం రాసుకుని కూర్చుని, ఇద్దరం రెండు వేరు వేరు గుహల్లో తిరిగాం. ఆ సంగతి అప్పుడు తెలియలేదు.

ఆ ఆట బరువెంతో కూడా చెప్పాలి. కంప్యూటరు సొంత జ్ఞాపకశక్తి 5 కిలోబైట్లు. కార్ట్రిడ్జి 16 కిలోబైట్లు. తెరమీద ఒక వరుసకు 22 అక్షరాలు పడతాయి. ఇవాళ కంప్యూటర్లో ఒక్కో తెలుగు అక్షర గుర్తుకు మూడు బైట్లు పడుతుంది. అంటే నేను ఇప్పుడు మీకు చదువుతున్న ఈ నాలుగు కాగితాల ప్రసంగం, ఆ అడవి, గుహ, ఊబి, పదమూడు నిధులు, అన్నీ కలిపిన ఆట కన్నా రెట్టింపు పైచిలుకు చోటు తింటుంది. వాళ్ళు మాటకు మాట పిసినారితనం చేశారు. మిగిలింది మేం నింపుకున్నాం.

ఇక ఎలుగుబంటి కథ. కొండ అంచున సన్నటి అరుగు. దానిమీద దారికి అడ్డంగా ఎలుగుబంటి. నా దగ్గర తేనె ఉంది. తేనె పెడదాం అన్నాను. తాతయ్య ససేమిరా అన్నారు. ఆ తేనె పదమూడు నిధుల్లో ఒకటి. "దొరికిన నిధిని ఎలుగుకు పెడతావా? జొన్నచేలో మంచె మీద మేం ఏం చేసేవాళ్ళం? పందొచ్చినా ఎలుగొచ్చినా ఒకటే మందు. కేక వెయ్యి" అన్నారు. కేక అంటే ఇంగ్లీషులో ఏం కొట్టాలా అని నేను తడుముకుంటున్నాను. ఈలోపు తాతయ్యకు ఓపిక అయిపోయింది. కుర్చీలోంచి లేచి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టి, "హోయ్..." అని ఒక్క కేక వేశారు. మంచె మీద కేక అంటే రెండు పొలాల అవతలకు వినపడాలి. అది పదడుగుల గదిలో పేలింది. వంటింట్లోంచి అమ్మ అట్లకాడతో పరుగెత్తుకొచ్చింది. "ఏమైంది మామయ్యగారూ?" "ఏం లేదమ్మా, ఎలుగు" అన్నారు తాతయ్య. ఈలోపు నేను 'యెల్' అని కొట్టాను. బెదిరిన ఎలుగుబంటి అరుగు మీంచి పడిపోయింది. ఆ రోజు సాయంత్రం నాన్న రాగానే తాతయ్య చెప్పిన మొదటి మాట, "మీ కంప్యూటరుకు మా కేక వినపడింది" అని.

దీపం దగ్గర మాత్రం నేనే తప్పు చేశాను. పాత ఇత్తడి దీపం దొరకగానే ఏం చెయ్యాలో మా ఇద్దరికీ తెలుసు. రుద్దాం. భూతం వచ్చి వజ్రపుటుంగరం పడేసి పోయింది. మళ్ళీ రుద్దాం. కంకణం. "ఇక చాలు" అన్నారు తాతయ్య. "మూడోసారి అడిగినవాడు బాగుపడ్డ కథ లేదు." నేను వినలేదు. మూడోసారి భూతం వచ్చి, స్వార్థపరుడివని తిట్టి, ఒక నిధి పట్టుకుపోయి, నన్ను మాయం చేసింది. చచ్చిపోతే ఆ ఆటలో పొగమంచు నిండిన ఒక గది వస్తుంది. అన్ని ద్వారాల మీదా చదవడానికి వీల్లేని రాతలు. నేను వివరించగానే తాతయ్య, "చిత్రగుప్తుడి దస్తూరీ" అన్నారు.

అద్దం సంగతీ అంతే. మాయా అద్దాన్ని తొర్రలో ఉత్త నేలమీద పెట్టాను. భళ్ళున పగిలింది. అంతకుముందు రోజు ఆట క్యాసెట్‌లోకి ఎక్కించి ఉంచడం మరిచాను. రెండు రోజుల శ్రమ పోయింది. మాకు అప్పటికే ఒక దళసరి తివాచీ దొరికి ఉంది. "ఊరు మారేటప్పుడు అద్దాన్ని వట్టి బండిలో వేస్తారట్రా? కింద బొంత పరవరూ?" అన్నారు. మళ్ళీ మొదటినుంచీ ఆడి, ముందు తివాచీ పరిచి, దానిమీద అద్దం దించాం. పగల్లేదు.

ఈ ఆటకు ఒక్కటే పోటీ, హాకీ. టీవీ ఒక్కటే కదా. శనివారం రాత్రి నాన్న దాన్ని స్వాధీనం చేసుకునేవారు. ఆ ఏడు ఊరంతా మా హాకీ జట్టు ఆయిలర్స్ జ్వరంతో ఊగిపోతోంది. వేన్ గ్రెట్స్కీ మంచుమీద జారుతుంటే తాతయ్య, "వీడి కాళ్ళు నేలమీద ఉన్నట్టు లేదు" అని మెచ్చుకునేవారు. కానీ పావుగంటకే నా చెవిలో, "గుహ ఎప్పుడు?" అనేవారు. ఆయన దృష్టిలో తెరమీద చూపించేస్తే ఇక మనకు పనేముంది? పాతాళభైరవి సినిమా ఎన్నిసార్లు చూశారో లెక్క లేదు. అయినా కాశీమజిలీ కథలు చదివినప్పుడు తాను చూసిన నేలమాళిగలు ఆ సినిమాలో లేవనే వాదించేవారు. అప్పటికి ఆ సినిమాలో తోటరాముడు వేషం వేసిన ఎన్.టి.రామారావు గారు ముఖ్యమంత్రి అయి ఏడాది దాటింది. "తోటరాముడు రాజ్యం దాకా వచ్చాడు, మనం ఇంకా తొర్ర దగ్గరే ఉన్నాం. పద" అని నన్ను తొందరపెట్టేవారు.

ఫిబ్రవరిలో ఒక ఉదయం తాతయ్య తప్పిపోయారు. ఆటలో కాదు, మిల్‌వుడ్స్‌లో. ఎడ్మంటన్‌లో చాలా చోట్ల వీధులు గీత గీసినట్టు ఉంటాయి. మిల్‌వుడ్స్ మాత్రం వంపులు తిరిగిన సందుల పేట. రాత్రి మంచు పడి ఇళ్ళన్నీ ఒకే తెల్ల దుప్పటి కప్పుకున్నాయి. కాస్త నడిచొస్తానని మంకీ టోపీ పెట్టుకుని వెళ్ళిన మనిషి, అదే వంపు మూడుసార్లు తిరిగి, ఏ ఇల్లు తనదో పోల్చుకోలేకపోయారు. తాడుతో కట్టేసిన కారు ఉన్నదే మన ఇల్లని ఆయన గుర్తు. ఆ వీధిలో కట్టెయ్యని కారు లేదు. చివరికి ఒక ఉక్రెయిన్ ముసలావిడ ఆయన్ను లోపలికి పిలిచి టీ ఇచ్చింది. ఒకరి భాష ఒకరికి తెలియదు. అయినా అరగంట మాట్లాడుకున్నారట. నాన్న వీధులన్నీ గాలిస్తూ ఆ కిటికీలోంచి టోపీ చూసి గుర్తుపట్టారు.

ఇంటికొచ్చాక తాతయ్య సిగ్గుపడలేదు. నావైపు తిరిగి, "ఒరేయ్, గుంటల దగ్గర మనమేం చేశాం?" అన్నారు. ఆటలో గుంటల చిట్టడవి ఒకటి ఉంటుంది. ఎటు తిరిగినా అదే గుంట అన్నట్టు ఉంటుంది. ఒక్కో చోట ఒక్కో వస్తువు పడేసుకుంటూ పోతే ఏది ఏదో తెలుస్తుంది. మర్నాడు అమ్మ పాత ఎర్రచీర అంచు చింపి, మా వంపు మొదట్లో ఉన్న వీధి దీపం స్తంభానికి ముడి వేసి వచ్చారు. మంచు కరిగేదాకా ఆ ఎర్ర గుడ్డ అక్కడే రెపరెపలాడింది. ఆ తర్వాత ఆయన ఎప్పుడూ దారి తప్పలేదు.

ఇక డ్రాగన్. ఎండ కాస్తున్న పచ్చికలో పెద్ద డ్రాగన్ ఒకటి నిద్రపోతుంటుంది. దాని కింద గుడ్లున్నాయి. అవీ ఒక నిధి. ఒకసారి ఊబిమట్టి పూసుకునే అటు వెళ్ళాం. వాసన తగిలి అది లేచింది, మమ్మల్ని చంపింది. అంతే, తాతయ్య అటు వెళ్ళడం మానిపించారు. ఆయనకు ముచికుందుడు గుర్తొచ్చాడు. దేవతలకు యుద్ధంలో సాయం చేసి అలసిపోయి, హాయిగా నిద్ర ఒక్కటే వరం కోరుకున్న రాజు. నిద్ర లేపినవాడు అతని చూపుకు బూడిదవుతాడు. కృష్ణుణ్ణి తరుముతూ గుహలోకి వచ్చిన కాలయవనుడు, పడుకున్నది కృష్ణుడే అనుకుని తన్ని, మసైపోయాడు. ఆ గుహ మా గుత్తికొండ బిలమేనని మా ఊళ్ళ నమ్మకం. "నిద్రపోయేవాణ్ణి లేపకూడదు" అన్నారు. నేను ఎంత బతిమాలినా డ్రాగన్ను లేపే రెండు మాటలు కొట్టనివ్వలేదు.

మార్చికల్లా పన్నెండు నిధులూ తొర్రలో చేరాయి. మార్కులు అడిగితే నూటికి తొంభై రెండు అంది ఆట. "తొంభై రెండా? మా రోజుల్లో అరవై వస్తే ఊళ్ళో మిఠాయి పంచేవాళ్ళు" అన్నారు తాతయ్య. ఆయన దృష్టిలో ఆట పూర్తయింది. ఒక్క సందేహం మాత్రం మిగిలింది. "ఇంత బంగారం తెచ్చి తొర్రలో పెట్టించాడు. ఎవరికోసం?" నా దగ్గర జవాబు లేదు.

1984 మే 19న ఆయిలర్స్ మొదటిసారి స్టాన్లీ కప్పు గెలిచారు. ఊరు ఊరంతా వీధుల్లో పడి హారన్లు మోగించింది. ఆ తర్వాతి వారమే తాతయ్య విమానం ఎక్కారు.

సెలవుల్లో నేను ఒంటరిగా కూర్చుని ఆ ఆట తిరగేశాను. సీసాలో తేనెటీగల్ని పట్టి, అవి ఊపిరాడక చచ్చేలోగా పచ్చికలోకి పరుగెత్తి వదిలితే, డ్రాగన్ పారిపోతుంది. గుడ్లు దొరికాయి. నూటికి నూరు వచ్చింది. తెర నన్ను మెచ్చుకుని ఆగిపోయింది. ఎండాకాలం కదా, ఫర్నేసూ మూగబోయింది. గొప్పలన్నీ చెప్పుకుంటూ తాతయ్యకు ఏరోగ్రామ్ రాశాను. నెలకు జవాబు వచ్చింది. అమ్మ ఆరోగ్యం, వానలు, మిర్చి ధర, అన్నీ అయ్యాక చివర్లో ఒక్క వాక్యం: గుడ్లు మనం తెచ్చేసుకుంటే ఆ డ్రాగన్ ఎక్కడికి పోయిందో కనుక్కుని రాయి.

ఆ తర్వాత ఈ ఎడ్మంటనే ఆటల ప్రపంచానికి ఒక రాజధాని అవుతుందని అప్పుడెవరికి తెలుసు? 1995లో, ఇక్కడి యూనివర్సిటీ ఆఫ్ ఆల్బెర్టాలో వైద్యం చదివిన రే ముజీకా, గ్రెగ్ జెష్చుక్, ఆగస్టీన్ యిప్ కలిసి బయోవేర్ కంపెనీ పెట్టారు. 1998లో వారి బాల్డర్స్ గేట్ వచ్చింది. అందులోనూ అడవులు, గుహల లోకమే. నేనూ కొనుక్కుని రాత్రుళ్ళు ఆడాను. మాటలంటే వాళ్ళకూ ప్రేమే, పాత్రలచేత పేజీలకు పేజీలు మాట్లాడించారు. అడవిని మాత్రం చెట్టు చెట్టుగా గీసి పెట్టారు. ఎంతో అందంగా ఉంది. నేను చెయ్యాల్సిన పనిలో సగం వాళ్ళే చేసి పెట్టారు. పక్క కుర్చీలో ఎవరైనా ఉన్నా, వారికీ అదే అడవి, నాకూ అదే అడవి.

కొన్నేళ్ళ తర్వాత ఊరెళ్ళినప్పుడు గుత్తికొండ బిలంలో దిగాను. తాతయ్య అప్పటికి లేరు. చేతిలో టార్చి, పాదాల కింద తడి రాయి. కాసేపు టార్చి ఆపి నిలబడ్డాను. నాకు బ్రహ్మనాయుడు గుర్తు రాలేదు, ముచికుందుడూ గుర్తు రాలేదు. మిల్‌వుడ్స్ ఫర్నేస్ వినిపించింది.

ఆ ప్రయాణంలోనే మా పెద్దత్తయ్య తాతయ్య ట్రంకుపెట్టె తెరిచి, "ఇదేదో నీదేనేమో చూడు" అని ఒక కాగితం ఇచ్చింది. పాత క్యాలెండరు కాగితం వెనకవైపు. మేమిద్దరం పెన్సిలుతో గీసుకున్న ఆట పటం. వెళ్ళేటప్పుడు మడిచి పెట్టుకుపోయారని నాకు తెలియదు. గళ్ళన్నీ నావి, అక్షరాలన్నీ ఆయనవి. ఊబి. ఎలుగు అరుగు. తొర్ర. చిత్రగుప్తుడి గది. డ్రాగన్ గడిలో నేను అప్పట్లో ప్రశ్నార్థకం పెట్టాను. దాని పక్కనే ఆయన సిరాతో, గుండ్రటి అక్షరాల్లో రాశారు: లేపవద్దు.

అడవికి ఉత్తరంగా ఆటలో లేని గీత ఒకటి ఉంది. మేం కలిసి గీసినది కాదు. ఊరెళ్ళాక, ఆ సిరాతోనే ఆయన ఒక్కరే గీసి ఉంటారు. వంపు తిరిగిన సందు. సందు మొదట్లో ఒక స్తంభం, దానికో చిన్న ముడి. చివర ఒక చదరం. ఆ చదరంలో రాసి ఉంది: మన ఇల్లు.